మూత మీద పేరు

హలో… ఆ, నేనే నాన్నా. రోజాను. ఏడున్నవ్?… ఇంకా ఖమ్మంలనే ఉన్నవా? పొద్దటి సంది నేను చేస్తే ఎత్తవ్, ఇప్పుడు చేస్తున్నవా!… సరే, సరే. ల్యాప్‌టాప్ తీస్కున్నవా?

తీస్కున్నవా! అబ్బ, పానం లేచొచ్చింది. నేను ఫోటో పంపిన దాన్నే గదా… నాన్నా? అదే గదా?

…మరి ఏది తీస్కున్నవ్?

సన్నదా! సన్నదేంది నాన్నా?… తేలిగ్గుంటదా? తేలిగ్గుండాల్నని ఎవరు చెప్పిన్రు?… వాసు మామనా! అనుకున్న. మామనెందుకు తీస్కపోయినవ్, మామకేం తెల్సు? టీవీ రిమోట్ల సెల్లు మార్చుడు రాదు మామకు!

ఆడపిల్ల, భుజం నొస్తదని… అయ్యో దేవుడా. మరి ఇంట్ల నీళ్ల బిందెలు మోసేటప్పుడు నొయ్యలేదా నా భుజం? అప్పుడు యాడున్నడు మామ?… అరుస్తలేను. …అవ్, అరుస్తున్న! అరవకుంటే ఏం చెయ్యాలె? నేనీడ హైద్రాబాద్‌ల కూసోని, నువ్వాడ నీ ఇష్టమొచ్చింది కొంటుంటే!

ఆగు, నువ్వు అడిగేది తర్వాత అడుగుదువు. ముందు నేను చెప్పేది విను. నేను చదివేదేంది? ఇండ్లు, బిల్డింగులు గీసే చదువు. ఇప్పుడు కాయితం మీద గీస్తే సరిపోదు, కంప్యూటర్ల గీయాలె. గీసే సాఫ్ట్‌వేర్ నడవాల్నంటే లోపల గ్రాఫిక్స్ కార్డని వేరేగ ఉండాలె. నువ్వు తీస్కున్న సన్నదాంట్ల అది ఉండదు… అన్నీ నడుస్తయంట! సినిమాలు నడుస్తయ్ నాన్నా. బిల్డింగు నడవదు. నువ్వు దిగే బొగ్గుబాయిల, కోసే మిషన్ దించాల్సిన కాడ నీ చేతికి తట్ట ఇస్తే ఊకుంటవా?… ఆ. గట్లనే ఇది.

లేదు నాన్నా, సర్దుకునేది కాదు. క్లాసుల అందరూ ఎవరిది వాళ్లు తెరిచి గీస్తున్నరు. నేను పక్కపిల్ల స్క్రీన్ల తొంగి చూస్తున్న. సోమవారం సంది మార్కులేస్తరంట… ఏమైతదా? ఫెయిలైత. ఇంకేమైతది!

సరే. ఇంకా మించిపోలే. ల్యాప్‌టాప్ షాపాయనతోని నిన్న ఫోన్ల నేనే మాట్లాడిన. మీద గీత పడకుంటే కొన్న రోజే మార్చిస్తనన్నడు. జల్దీ పో. అది వాపస్ ఇచ్చి నేను పంపిన ఫోటోలది తీస్కో. బరువుంటది, ఉండనీ. నేను మోస్త.

…నాన్నా? నీ మాట ఇనపడుతలేదు.

ఆ చప్పుడేంది?… ఏదో గర్రుమంటుంది. నువ్వెక్కడున్నవ్ అసలు?

గిన్నెల షాపులనా? గిన్నెల షాపుల నీకేం పని?

…నాన్నా. పేరు కొట్టిస్తున్నవా? ల్యాప్‌టాప్ మీదనా!

ఆపమను! ముందు ఆ మిషన్ ఆపమను!… బిందెల మీద కొట్టిస్తరు నాన్నా, తపేలాల మీద కొట్టిస్తరు, పెండ్లికి పెట్టే బోళ్ల మీద కొట్టిస్తరు! కంప్యూటర్ మూత మీద ఎవరన్న పేరు కొట్టిస్తరా?… హాస్టల్ల మారిపోతదన్నడా గిన్నెలాయన? మారిపోనీకి అదేమన్న టిఫిన్ డబ్బానా!

తెరువు. తెరిచి మీట నొక్కు, లోపల పగిలిందేమో… కుడి పక్కన, పైన. చిన్న మీట… వెలిగిందా? మంచిగ కనపడుతుందా? మచ్చలేం లేవా?… హమ్మయ్య.

…ఏం హమ్మయ్య, నా మొఖం! ఇప్పుడు వాపస్ ఎవడు తీస్కుంటడు? నా పేరున్న దాన్ని ఇంకెవరికి అమ్ముతడాయన?

ఏడుస్తలేను. కోపమొస్తుంది. వాడేది నేను గదా నాన్నా. మామ చెప్తే ఇన్నవ్. గిన్నెలాయన చెప్తే ఇన్నవ్. ఒక్కసారి నన్నడిగితే ఏమైతుండె?

…ఆ? అడగనీకే చేసినవా? దేని గురించి?

…పేరు పక్కన ఏం కొట్టియ్యాల్నా?

…చదువైపోయినంక నన్ను ఏమని పిలుస్తరా?

ఆర్కిటెక్ట్ అంటరు నాన్నా.

అవ్… ఆర్కిటెక్ట్… అరె, కొట్టియ్యకు! నువ్వడిగితే చెప్పిన, అంతే. కొట్టియ్యకు నాన్నా, నీ కాళ్లు మొక్కుత. పేరు చాలు. మొన్న మొన్న చేరిన నేను. అది చూసి క్లాసంత నవ్వుతరు… నవ్వనీ అంటవేంది! లోపల ఒక్క గోడ గీయరాని దాని మీద, పైన ఆర్కిటెక్టని… రేపు నేను పాస్ కాకపోతే? అప్పుడెట్ల చెరుపుతవ్ దాన్ని?

…చెరిపే పని పడదా?

నీకెట్ల తెల్సు?… నాన్నా, నీకెట్ల తెల్సు!

మళ్ల మిషన్ మొదలువెట్టిండా? ఫోన్ ఆయనకియ్యి… ఓ అన్నా! గిన్నెల షాపన్నా! కొట్టకు… హలో? నాన్నా?… హలో…

పెట్టేసిండు.