బక్కయ్య తిప్పిన సైరన్

ఏందే సంతోషీ, గంత ఉలిక్కిపడ్డవ్? మాక్ డ్రిల్లట, పొద్దుగాల పోలీసోల్లు చెప్పి పోయిన్రు. నువ్వు కూసో. ఇదేం సైరనే, ఫోన్ల పాట పెట్టినట్టున్నది. సైరనంటే బక్కయ్యది. బక్కయ్యంటే మా సిరిసిల్లోడే, గుజరాత్ దిక్కు ఖటోదరల మా మిల్లు మగ్గాలకు నూనె వోసెటోడు. మీ నాయినకు అప్పటికి లగ్గం గూడ కాలె.

మిల్లు కప్పు మీద ఉండేది ఆ సైరన్. పాకిస్తాన్ లడాయప్పుడు ఇమానాలొస్తయని పెట్టిన్రట. కరెంటుతోని పనే లేదు, చేత్తోని తిప్పుడే. డబ్బాల డబ్బా, రెంటికీ కిటికీలోలె సందులు. లోపలిది తిరుగుతుంటె సందు కలుస్తది, మల్ల మూస్కుంటది, గాలిని ముక్కలు ముక్కలు కోస్తదన్నట్టు. జోరుగ తిప్పితె గొంతు లేస్తది, ఇడిస్తె దిగుతది. లడాయి అయినంక పాళీ, అదే షిఫ్టు, మారేటప్పుడు ఒకటే తీరుగ మోగిచ్చెటోల్లు. ఎన్కకు కరెంటు గంటొచ్చింది. "క్యా భంగార్ రఖా హై, ఫేంకో" అని, ఆ తుక్కు పారెయ్యుమనేది మేనేజర్. బక్కయ్య ఇంటడా? అయితారం అయితారం పైకెక్కి దానికింత నూనె వోసొచ్చేది. "మోగకుంటె మాత్రం తుప్పు పట్టనిస్తమారా" అని నన్నే గదమాయిస్తుండె.

వాని పెండ్లాం ఐలమ్మ... ఆమె గూడ పాతికేండ్లు ఆ మగ్గాల నడుమనే. చెవులు పోయినయ్. మొకం మీదికి వంగి ఒర్రితె పాపం నవ్వేది, ఇనబడక.

ఏం జెప్తున్న? ఆ, వరద. తాపీ నది పొంగిన ఏడు. పొద్దుగాల ఎనిమిదైతుండె. నేను, బక్కయ్య కప్పు మీదికెల్లి జూస్తె ఖాడీ కాలువ కట్ట దాటి నీళ్లు మా రూముల దిక్కే వస్తున్నయ్. కరెంటు లేదు, ఫోన్లు కలుస్తలెవ్వు. బక్కయ్య సైరన్ పిడి వట్టిండు. "పాళీ అనుకోని అందరు గేటు కాడికొస్తరు, ఆడనే లోతు" అన్న నేను. "ఒకటే తీరు తిప్పొద్దురా. ఎక్కియ్యాలె, దించాలె. లడాయి జూసినోల్లకు యాదుంటది" అన్నడు. నిజమే! బస్తీల గుజరాతీ ముసలోల్లు బయటికొచ్చి ఒక్కటే చేతులు జూపుడు, పైకి, పైకి అని. పోరగాండ్లను గుంజుకుంట మేడలెక్కిన్రు. జూస్తుండంగనే గల్లీల నీళ్లు నడుముల దాక అయినయ్.

ఉన్నట్టుండి బక్కయ్య ఆపిండు. "ఐలమ్మకు ఇనబడదురా ఎంకటయ్యా." పిడి నా చేతుల వెట్టి, "నేనొచ్చెదాంక ఆపకు" అని దిగిపోయిండు. ఆపుతనా? రెట్టలు పడిపోయినా తిప్పిన. ఎదురు మేడ మీద పద్మారాణి, వాల్ల పక్క రూమామె, చేతులూపుతున్నది, నోరు తెరిచి ఒర్రుతున్నది. ఇంకెవలో కింద చిక్కిన్రేమో అనుకోని ఇంకింత జోరుగ తిప్పిన. గల్లీ మూల మీద బక్కయ్య ఒక్కపారి తలకాయెత్తిండు. ఆమె దిక్కు జూడలె. నా దిక్కు జూసిండు, తిప్పుతున్ననా లేదా అని. అటెన్క మూల తిరిగిండు.

ఐలమ్మ ఆ మేడ మీదనే ఉన్నదే అప్పటికి. పద్మారాణే రెక్క వట్టి ఎక్కిచ్చింది. "ఈడున్నది, పోకు బక్కన్నా" అని ఒర్రింది ఆమె.

మూడో నాడు దొరికిండు. ఐలమ్మ నన్ను తిట్టలె, ఏడ్వలె. ఊరికి పోయే నాడు వచ్చి నా మొకం దిక్కే జూసుకుంట, "పద్మ గంత ఒర్రిందట గదనే తమ్మీ, నీకు గూడ ఇనబడలేదా?" అన్నది.

...

పో, జర చాయ్ పెట్టు. నాకు షక్కరెయ్యకు.