తడవని చెయ్యి

ఎన్నిసార్లు చెప్పానండీ మీకు, ఆ హాల్‌బర్న్ వాళ్ళ గట్టు మీంచి ఒంటరిగా రావద్దని! విన్నారా? ఇప్పుడు చూడండి, ఎలా బల్ల మీద పడుకున్నారో. మీ గడ్డానికి పట్టిన నెత్తురు కడగడానికే నాకు పొద్దంతా సరిపోయింది.

అలా కళ్ళు మూసుకుంటే కాదు. వినండి.

మీ తాతని వాళ్ళు గొర్రెల సంతలో పొడిచారు. మీ నాన్న వెళ్ళి వాళ్ళలో ఇద్దర్ని నరికొచ్చి, ఏటి రేవులో తనూ పోయాడు. ఇప్పుడు మీరు. ఈ కోటలో ముసలితనం చూసిన మగాడు ఒక్కడున్నాడా? చెప్పండి!

ఇక మిగిలింది మన నినియన్. నిన్నగాక మొన్న మీసాలొచ్చిన వెధవ. పొద్దున మీ కాళ్ళ దగ్గర నిలబడి ఏమన్నాడు? "అమ్మా, వాళ్ళ పెద్దాణ్ణి చంపందే రొట్టె ముట్టను."

ఇదంతా మీ నిర్వాకమే కదూ! బాప్తిస్మం రోజు పాదిరి నీళ్ళు పడకుండా వాడి కుడిచేతికి గుడ్డ చుట్టేశారు. తడవని చేత్తో చంపితే పాపం అంటదట! మీ వంశాచారమట! ఆచారం, నా బొంద!

అందుకే నేనూ ఓ ఎత్తు వేశాను. తిట్టుకోండి. ఇవాళ పొలంలో నిలబెట్టి, రాజుగారి మనిషి గుప్పెడు మట్టీ ఓ రాయీ చేతిలో పెడితేనే కదా ఈ భూమి వాడిదయ్యేది? దేవుడి నీళ్ళు పడని చేతికి మట్టి ఇవ్వకూడదని అందరి ముందూ అడ్డం పడమని పాదిరిని బతిమాలాను. చెంబుతో నీళ్ళిచ్చి మరీ పంపాను. ఆ చెయ్యి తడిస్తే చాలు, వాడిక కత్తి పట్టడు. మీ ఆచారమంటే వాడికంత గురి. అలాగని పొలం వదులుకుంటాడా?

ఉండండి, కిటికీలోంచి కనిపిస్తున్నారు. పాదిరి చెంబెత్తాడు. చాచాడండీ, మనవాడు చెయ్యి చాచాడు!

అయ్యో.

ఎడమ చెయ్యండీ. కుడిచెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఎడమచేత్తో మట్టి తీసుకుంటున్నాడు. పాదిరి నోరెత్తడేం? ఆ చెయ్యి బాప్తిస్మం రోజే తడిసిందిగా, ఏమంటాడు పాపం.

నవ్వుతున్నారా? నవ్వండి. మీ కొడుకే.

మీకు కప్పడానికి నారబట్ట తానంతా బయటికి తీశాను. మీకు సగం చాల్లెండి. మిగతా సగం పెట్టెలో దాస్తాను. ఎన్నాళ్ళో ఉండదులే అక్కడ.