మూడు కన్నాల రిమ్ము

(పగటివేళ. కారు చక్రాల దుకాణం ముందున్న షెడ్డు. జాకీ మీద లేపిన చిన్న కారు. తండ్రి, కూతురు, దుకాణం యజమాని.)

“అంత లావు రిమ్ము వద్దని చెబుతుంటే వినవేమయ్యా? ఇది చిన్న కారు. ఎలక్కి ఏనుగు కాళ్లు తగిలిస్తే నడుస్తుందా?”

“భేషుగ్గా నడుస్తుంది పెద్దాయనా. కుర్రకారంతా ఇవే వేయించుకుంటున్నారు. చూడండి, ఎలా మెరుస్తోందో!”

“మెరిస్తే ఏం చేసుకోను, అందులో మొహం చూసుకోనా? వెడల్పు ఎక్కువైతే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. గరగర, గరగర. నెల తిరక్కుండా టైరు గోవిందా.”

“పోనీ వెడల్పు వద్దు. ఒక్క అంగుళం ఎత్తు పెంచుకోండి. బండికి కళ వస్తుంది.”

“ఎత్తు పెంచితే పల్చటి టైరు వెయ్యాలి. వెయ్యకపోతే మీటరు ఒక వేగం చూపిస్తుంది, బండి ఇంకో వేగంతో పోతుంది. వేస్తేనేమో ప్రతి గుంతా నా నడుం మీదే. జీవితమంతా బస్సు నడిపినవాణ్ణయ్యా. నాకే చెబుతావా?”

“అబ్బో! అమ్మా, మీ నాన్నగారి ముందు నా పప్పులు ఉడికేలా లేవు.”

“ఆయన చెప్పిందే ఇచ్చెయ్యండి. పాతదే కొలత, పాతదే రకం. కొంచెం త్వరగా. పాప బడి వదిలేలోగా బండి సిద్ధం కావాలి. నాన్న వెళ్లి తీసుకొస్తారు. నేను ఇటునుంచి ఇటే ఆసుపత్రికి, డ్యూటీకి పోవాలి.”

“అయిపోతుందమ్మా, చిటికెలో పని. పాత రిమ్ము ఏదీ? ఇదా? అమ్మో, బాగానే వంగిందే! ఎలా జరిగింది?”

“గుంత.”

“గుంతా?”

“గుంతే. రోడ్లన్నీ గుంతలే కదా. వింతగా అడుగుతావేం?”

“ఏం లేదు పెద్దాయనా. గుంతలో పడితే మామూలుగా లోపలి అంచు కూడా దెబ్బ తింటుంది. ఇది చూస్తే బయటి అంచు ఒక్కటే నలిగిపోయింది. కాలిబాట గట్టుకి గుద్దుకుంటే ఇలా...”

“గుంత పక్కన గట్టుంది. సరేనా? రిమ్ము అమ్ముతావా, పంచాయితీ పెడతావా?”

“నాన్నా! ఎందుకంత కోపం? ఆయనేదో మామూలుగా అడిగాడు.”

“మామూలుగా అడగలేదు అమ్మడూ. నాకు నడపడం రాదన్నట్టు అడిగాడు.”

“అయ్యో, అంత మాట నేనెందుకంటాను? మాట జారితే మన్నించండి. అమ్మా, బండి ఎలాగూ పైకి లేపాం కాబట్టి చెబుతున్నా, ఇలా వచ్చి చూడండి. ఎడమ వెనక చక్రం కూడా గీసుకుపోయింది. తలుపు కింద ఇదిగో, గీతలు. ఈ పక్క అద్దం ఒకసారి విరిగి అతికించినట్టుంది. కుడిపక్క మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.”

“ఒక రిమ్ము కోసం వస్తే నాలుగూ అంటగట్టాలని నీ ఎత్తు. నాకు తెలీదా?”

“నాన్నా, ఈ గీతలు పార్కింగులో ఎవరో గీకారన్నావు కదా.”

“ఎవరో గీకారు. అవును.”

“అద్దం కూడానా?”

“నీకు డ్యూటీకి ఆలస్యమవుతోందన్నావు.”

“అద్దం సంగతి అడుగుతున్నా.”

“అద్దం సంగతి అద్దాన్ని అడుగు. అయ్యా, ఆ రిమ్ములేవో తెస్తావా, నన్నే లోపలికి వచ్చి ఏరుకోమంటావా?”

“తెచ్చా, తెచ్చా. ఇవిగో. ఇది ఇనుపది. బండితో పాటు వచ్చే కొలతే. ఇది అల్లాయ్, అదే కొలత, కాస్త అందం. రెండూ మీ బండికి సరిపోతాయి.”

“సరిపోతాయని నువ్వంటే చాలదు. బోల్టు కన్నాలెన్ని, ఒకదానికొకటి ఎంత దూరం, నడిమి కన్నం బిర్రుగా కూర్చుంటుందా లేదా, అన్నీ చూసుకోవాలి. కొంచెం వదులున్నా వేగం అందుకోగానే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. మా డిపోలో ఒక మహానుభావుడు ‘దగ్గర దగ్గరగా ఉందిలే’ అని బిగించి పంపించాడు. దారిలో చక్రం ఊడి, బస్సుకంటే ముందు ఊళ్లోకి వెళ్లింది.”

“అలాంటి మహానుభావులు నా దగ్గర లేరండీ. చూసుకోండి, మీ చేతికే ఇస్తున్నా.”

“ఇనుపదే ఇవ్వు. ఇనుము వంగితే కొట్టి సరిచేసుకోవచ్చు. అల్లాయ్ పగిలిందంటే పగిలిందే. ఏదీ, కాస్త పైకెత్తి పట్టుకో... ఏయ్, ఏమిటిది?”

“ఏమైంది?”

“నేను గుడ్డివాణ్ణనుకున్నావా? మా బండికి నాలుగు బోల్టులు. మూడు కన్నాల రిమ్ము తెచ్చి నా మొహాన కొడతావా?”

“మూడా?”

“మూడే. పైన ఒకటి, కింద ఒకటి, ఈ పక్కన ఒకటి. నాలుగోది నువ్వు ఇంటికెళ్లాక చేయిస్తావా? ఇందుకేనా ఇందాకట్నుంచి గుంత, గట్టు అని కబుర్లు?”

“పెద్దాయనా... మీరు తమాషాకి అంటున్నారు కదూ?”

“తమాషా నీకు! అమ్మడూ, పద. వీధిలో ఇదొక్కటే దుకాణమా?”

“నాన్నా.”

“పదమంటుంటే!”

“నాన్నా, నాలుగున్నాయి.”

“ఏవి?”

“కన్నాలు. నాలుగున్నాయి నాన్నా. ఇదిగో, ఇక్కడ. నా వేలు పెట్టి చూపిస్తున్నా. ఇదే నాలుగోది.”

“ఆఁ... నీడ పడినట్టుంది.”

“నీడేం లేదు.”

“షెడ్డులో వెలుతురెక్కడేడ్చింది? దానికి తోడు నల్ల రంగొకటి. ఇప్పుడు కనబడుతోందిలే. తల తిప్పితే కనబడుతోంది. సరే, పొరపాటు నాదే. బిగించవయ్యా.”

“తల తిప్పితేనా?”

“బిగించమన్నానా?”

“అమ్మా, బిగించమంటారా?”

“ఆగండి. నాన్నా, ఇలా నా ఎదురుగా నిలబడు. నా మొహం వంకే చూడు. కళ్లు అటూ ఇటూ కదపకు.”

“నడివీధిలో ఏమిటీ వేషాలు? నువ్వు నర్సువైతే ఆసుపత్రిలో.”

“ఒక్క నిమిషం, నా కోసం. ఈ పక్క ఎన్ని వేళ్లు చూపిస్తున్నా?”

“మూడు.”

“సరే. ఈ పక్క?”

“...రెండు.”

“సరిగ్గా చూసి చెప్పు.”

“రెండే అన్నానుగా.”

“నాన్నా, ఆ చెయ్యి నేను ఎత్తనేలేదు. నా వెనకే ఉంది. ఎప్పట్నుంచి?”

“వాడు వింటున్నాడు.”

“విననీ. ఎప్పట్నుంచి నాన్నా?”

“మొన్న చలికాలం. ఒకరోజు పొద్దున తల తిరిగింది. గోడ పట్టుకుని మంచం దాకా వెళ్లి పడుకున్నా. లేచేసరికి అంతా సర్దుకుంది. ఎడమపక్క ఒక్కటే సర్దుకోలేదు.”

“ఇంట్లో నర్సుని పెట్టుకుని... నాన్నా, అది పక్షవాతం లాంటిది! ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని కదా! ఒక్క ముక్క చెప్పలేకపోయావా?”

“చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టరు ముందు స్టీరింగు మీంచి చెయ్యి తియ్యమంటాడు. నేను తీస్తే పాప బడికెలా వెళ్తుంది? దాని నాన్న ఉన్నాడా తీసుకెళ్లడానికి? అతను పోయాక నువ్వు నిలదొక్కుకున్నదే ఈ ఉద్యోగం మీద. అదొకటి వదిలేస్తే మన ముగ్గురి గతేమిటి?”

“అయితే మాత్రం నాకు చెప్పొద్దా?”

“నువ్వు అడిగావా?”

“నేనా?”

“కంచంలో ఎడమవైపు కూర ముట్టుకోకుండా లేచేవాణ్ణి. రెండ్రోజులు చూశావు. మూడోరోజు నుంచీ సగం తిన్నాక నువ్వే కంచం తిప్పి పెట్టడం మొదలుపెట్టావు. ఎందుకు నాన్నా అని ఒక్కసారైనా అడిగావా? గడప దగ్గర చెప్పుల స్టాండుని తన్నుకుంటున్నానని దాన్ని అటునుంచి ఇటు జరిపావు. అప్పుడూ అడగలేదు.”

“ఇల్లు ఇరుకని జరిపా.”

“ఇల్లు నేటి ఇరుకా అమ్మడూ? అడిగితే నేను చెప్పేస్తానేమోనని నీకు భయం.”

“అలా అనకు నాన్నా.”

“తిట్టడం లేదమ్మా. నాకూ అదే భయం. నువ్వు నోరు తెరిచినప్పుడల్లా ఇవాళ అడిగేస్తావని మాట మార్చేవాణ్ణి. అడక్కపోతే హమ్మయ్య అనుకునేవాణ్ణి.”

“భయమే. అవును, భయమేసింది. పెద్దవాడివి అయ్యావు, అంతే, అనుకున్నా. అలా అనుకుంటే పొద్దున్నే పరిగెత్తొచ్చు కదా డ్యూటీకి. ఛీ! రోజూ పరాయివాళ్లకి బీపీ చూసి రాసుకుంటాను. కన్నతండ్రిని చూడలేదు.”

“అమ్మా, నేను కాసేపు లోపలికెళ్తాను. మీరు మాట్లాడుకోండి.”

“మీరు వెళ్లకండి. బండి ఇక్కడే ఉంటుంది. కొత్త రిమ్ము బిగించి పక్కన పెట్టుకోండి, తర్వాత ఎవరినైనా పంపిస్తాను. నాన్నా, తాళాలివ్వు.”

“ఇవ్వను.”

“నాన్నా!”

“పాప ఎదురుచూస్తుంటుంది. ఈ ఒక్కరోజు తీసుకురానీ, రేపట్నుంచి నీ ఇష్టం.”

“ఒక్కరోజు కాదు, ఒక్క సందు కూడా వద్దు. నేను ఆటోలో వెళ్లి తెచ్చుకుంటా. డ్యూటీ పోతే పోనీ.”

“ఇదిగో, ఇదే! దీనికే నేను నోరు కుట్టేసుకున్నది. ఇన్నాళ్లూ ఏమైంది? ఒకసారి గట్టుకి తగిలింది. రెండుమూడు గీతలు. మనిషి జోలికి పోలేదు కదా?”

“అదే నాకు అర్థం కావడం లేదు. ఎందుకు పోలేదు?”

“అదేం ప్రశ్న?”

“బడి గేటు దగ్గర నేను చూశాగా. పిల్లలు చీమల్లా అడ్డం పడుతుంటారు. సైకిళ్లు, తోపుడుబళ్లు. సగం లోకం కనబడని మనిషివి చలికాలం నుంచీ రోజూ రెండుసార్లు ఆ గుంపులోంచి ఎలా నడిపావు?”

“జాగ్రత్తగా.”

“జాగ్రత్తగా అంటే?”

“మెల్లగా.”

“మెల్లగా పోతే కనబడుతుందా?”

“నాకు కనబడకపోతేనేం?”

“అంటే?”

“ఏం లేదు.”

“నాన్నా, నీకు కనబడకపోతే ఇంకెవరికి కనబడాలి?”

“పాప చెబుతుంది.”

“ఏం చెబుతుంది?”

“ముందు సీట్లో కూర్చుంటుంది కదా, ఆ పక్కన. ‘తాతా సైకిలు’ అంటుంది. ‘తాతా కుక్క, తాతా ఆంటీ దాటుతోంది, ఆగు’ అంటుంది. మొదట్లో ఆటనుకుంది. ఎన్ని చెబితే అన్ని మార్కులు వేసేవాణ్ణి.”

“మొదట్లో అంటే? ఇప్పుడు ఆటనుకోవడం లేదా?”

“మార్కులు అడగడం మానేసింది. కథలు చెప్పమనడం మానేసింది. కిటికీకి మొహం ఆనించి, రెప్ప వెయ్యకుండా కూర్చుంటుంది.”

“దేవుడా! అమ్మకి చెప్పొద్దన్నావా దానికి?”

“నేననలేదు. ఒట్టు. అదే అంది. ‘చెబితే అమ్మ డ్యూటీ మానేస్తుంది తాతా, మనం చెప్పొద్దు’ అంది.”

“ఏడేళ్లు నాన్నా దానికి! ఏడేళ్లు!”

“తెలుసు.”

“మరి ఈ రిమ్ము వంగిన రోజు? అది బండిలో లేదా?”

“ఉంది.”

“ఉంటే చెప్పలేదా?”

“ఆ రోజు దానికి ఒళ్లు కాలిపోతోంది. బడి నుంచి కబురొస్తే వెళ్లి తీసుకొచ్చా. దారిలో... నిద్రపోయింది. గుద్దుకోగానే ఉలిక్కిపడి లేచింది. దెబ్బ తగిలిందా అని నేను దాని ఒళ్లంతా తడుముతుంటే, నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ ‘తప్పు నాదే తాతా, ఇంకెప్పుడూ నిద్రపోను’ అంది.”