బుధవారం నేర్పిన జవాబులు

ఈ ఫారంలో ఇంత చిన్న గడి ఇస్తే ఏం రాయను తల్లీ? ‘మీ భర్త ఆటలో ఎన్నిసార్లు స్పృహ తప్పారు?’ అని అడిగి, పక్కన గోరంత గడి. అంకె వెయ్యాలట. తొమ్మిదేళ్ళు ఫుట్‌బాల్‌లో ఫుల్‌బ్యాక్‌గా ఆడిన మనిషికి అవన్నీ ఎవరు లెక్కపెట్టారు? పడేవాడు, లేచేవాడు, మళ్ళీ ఆడేవాడు. పడినట్టు ఆయనకే గుర్తుండేది కాదు.

నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు ఎలెనీ. డాక్టరువే గానీ మా అమ్మాయి జానిన్ కంటే చిన్నదానివి. ముందు టీ తాగు. ఆయన పోయి మూడు వారాలైంది, పరిశోధనకని ఇచ్చిన మెదడు ఎలాగూ మీ దగ్గరే ఉంది. ఇప్పుడు తొందరేముంది?

ఇంతకీ ఆయన ఏం ఆడేవాడో తెలుసా నీకు? మీ గ్రీకు వాళ్ళింట్లో కాలితో ఆడే సాకరే చూసేవాళ్ళేమో, మా ఫుట్‌బాల్‌లో చేతులూ వాడతారు, అందుకని చెబుతున్నాను. అవతలి టీములో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టేవాడు ఉంటాడు చూడూ, వాడికి కాపలా ఈయన. వాడు బంతి కోసం గాల్లోకి ఎగిరితే ఈయనా వెనకాలే ఎగిరి, వాడి చేతికి అందకుండా బంతిని పిడికిలితో గుద్దెయ్యాలి. బంతి తప్పితే వాడి చెవో దవడో తగిలేది. కావాలనే తగిలించిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు.

మా వెర్నన్ పార్క్ క్లబ్బు జనం ఆయన్ని ‘గేటు’ అనేవాళ్ళు. ‘గేటెయ్యి డెస్, గేటెయ్యి’ అని వానలో తడుస్తూ అరిచేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో ఒక్క గోలు కొట్టలేదు ఆయన. కొట్టేవాడి బొమ్మ పేపర్లో వేస్తారు గానీ, ఆపేవాడిది ఎవరు వేస్తారు?

సోమవారం పొద్దున ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉండేది. రెండో కంటితోనే చూసుకుంటూ రేవుకి వెళ్ళి ఉన్ని మూటలు మోసేవాడు.

కరుకు మనిషి అనుకుంటున్నావు కదూ? అందరూ అలాగే అనుకున్నారు. ఒకసారి కాలిన్ మక్వేడ్ అనే ఆటగాడి దవడ విరగ్గొట్టాడు. మర్నాడు ఆదివారం నాచేత గుమ్మడికాయ సూప్ కాయించి, ఫ్లాస్కులో పోసుకుని ఆస్పత్రికి పోయాడు. పళ్ళకి తీగలు బిగించేశారు కదా, ఆ సందుల్లోంచే కాలిన్ ‘విరగ్గొట్టేదీ నువ్వే, తాగించేదీ నువ్వేనా, వెధవా’ అన్నాడట. నలభై ఏళ్ళు స్నేహంగా ఉన్నారు ఇద్దరూ. మొన్న శవపేటిక మోసినవాళ్ళలో కాలిన్ ముందున్నాడు.

ఏమంటున్నాను? ఆఁ, దెబ్బలు.

అన్నీ చెప్పలేను గానీ ఒకటి చెబుతాను. డెబ్భై మూడు సెప్టెంబరు, ఫైనల్‌కి ముందు వారం మ్యాచ్. బంతి కోసం వంగిన మనిషి కణతకి ఎవడిదో మోకాలు తగిలింది. కొయ్యలా పడిపోయాడు. నీళ్ళు కొట్టి లేపారు. లేచి నేరుగా నడుచుకుంటూ పోయి, మైదానం అవతలి కొసన, వాళ్ళ గోలు ముందు నిలబడ్డాడు. కాపలా కాస్తున్నాడు, వాళ్ళ గోలుకి. జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ‘అమ్మ ఇంకా పడుకోలేదా’ అని అడిగాడు. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు.

అయినా ఫైనల్ ఆడాడు. మేం అయిదు పాయింట్లతో గెలిచాం. ఆయన కాసినవాడు ఆ ఏడు తొంభై గోల్స్ కొట్టినవాడు, ఆవేళ ఒక్కటంటే ఒక్కటే కొట్టాడు. డెస్‌ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. ఆ ఫోటో అదిగో, గోడ మీద ఉంది. ఆ రోజులో ఒక్క నిమిషం కూడా ఆయనకి ఎప్పుడూ గుర్తు లేదు తల్లీ. ‘బాగా ఆడానా నోలా?’ అని నన్నడిగేవాడు. నేను చెబితే కథ వింటున్నట్టు వినేవాడు.

యాభై మూడేళ్ళకే, రోజూ వెళ్ళే రేవు దారి మర్చిపోయాడు. తర్వాత కోపం మొదలైంది. పెళ్ళయినప్పటి నుంచీ నామీద చెయ్యెత్తని మనిషి, ఫ్రిజ్ తలుపు ఎలా తియ్యాలో తెలియక నా మణికట్టు మెలిపెట్టాడు. విరిగింది. ఎవరు విరిచారని తనే ఏడ్చాడు.

ఆఖరి నాలుగేళ్ళూ వృద్ధుల హోమ్‌లో ఉన్నాడు. భోజనాల గది గుమ్మంలో చేతులు బార్లా చాపి నిలబడేవాడట, ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. ముసలమ్మలు పళ్ళేలు పట్టుకుని బయట వరసలో నిలబడేవాళ్ళు. ఫిలిప్పీన్స్ నర్సమ్మ ఒకావిడ ఉండేది, ఆవిడే కిటుకు కనిపెట్టింది. ‘సైరన్ మోగింది డెస్, మ్యాచ్ అయిపోయింది’ అనేది. అంతే, చేతులు దించి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి తప్పుకునేవాడు.

అంత్యక్రియల్లో మా జానిన్ క్లబ్బు వాళ్ళ మొహాన్నే అనేసింది, ‘మా నాన్నని మీరు చంపారు’ అని. పాపం, ప్రెసిడెంటు తల దించుకున్నాడు. డెస్ ఆడే రోజులకి పుట్టనైనా లేదు ఆ మనిషి. నేను పక్కనే ఉన్నాను.

అలాంటి మనిషిని క్లబ్బు డాక్టరు ఫైనల్ ఎలా ఆడనిచ్చాడు అంటావా? అదే చెబుతున్నాను. మ్యాచ్‌కి ముందు గురువారం ప్రాక్టీసులో, తలకి దెబ్బ తగిలినవాళ్ళని ఆయన ప్రశ్నలు అడిగేవాడు. ఇవాళ ఏ వారం, పోయిన వారం ఎవరితో ఆడావు, స్కోరెంత, ఇవే. ఆ వారమంతా మా ఆయనకి వీటిలో ఒక్కటీ తెలియదు.

బుధవారం సాయంత్రం ఇదే బల్ల దగ్గర కూర్చోబెట్టి జవాబులు నేనే బట్టీ పట్టించాను. పళ్ళేల్లో మాంసం చాప్స్ చల్లారిపోయాయి.

ఆయన ఆడతానని పట్టుబట్టాడనుకుంటున్నావు. మగాళ్ళు అంతే కదా అని. జానిన్ కూడా అలాగే అనుకుంటుంది. కాదు తల్లీ. ఫోర్క్ కింద పెట్టి, ‘నాకు తల బాలేదు నోలా. ఈ వారం మానేస్తాను’ అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ మాట అనడం అదొక్కసారే.

మా నాన్న వెర్నన్ పార్క్‌కి ఆడాడు. మా అన్న ఆడాడు. ఇద్దరూ కప్పు చూడకుండానే ఆట మానేశారు. తొమ్మిదేళ్ళు మైదానం పక్క తడి చెక్క బెంచీ మీద కూర్చున్నాను నేను. ‘ఇంకొక్క రోజు డెస్. తర్వాత నీ ఇష్టం’ అన్నాను.

పళ్ళెం పక్కకి జరిపాడు. ‘సరే, ఇంకోసారి అడుగు’ అన్నాడు.

అడిగాను. తప్పు లేకుండా చెప్పేదాకా అడుగుతూనే ఉన్నాను.