చెప్పకూడని మాట చెప్పని చాముండేశ్వరిగారు

1999వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ సోమవారం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు, న్యూజెర్సీలోని మా కౌంటీ ఆరోగ్యశాఖ కార్యాలయంలో ఫైళ్ళు సర్దే గుమాస్తాగా శ్రీమతి చాముండేశ్వరిగారు పాదం మోపారు. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి ఇదేం పని అని ఇంటివారు నొచ్చుకున్నా, ఆవిడ మాత్రం ఆర్నెల్లలో ఆ ఫైళ్ళకు ఒక క్రమం తెచ్చి, ఏడాదిలో వాటిని కంఠతా పట్టి, పై అధికారులే తమను అడిగి తెలుసుకునే స్థితికి చేరుకున్నారు. ఈ నెల ముప్పైన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సందర్భంగా వేస్తున్న ఈ సావనీరులో తెలుగుకు దక్కింది ఒక్క పేజీ. మా డైరెక్టరుగారికి తెలుగు రాకపోవడం, పదకొండేళ్ళుగా ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చున్న ఈ వ్యాసకర్త దివాకర్‌కు మహా సౌకర్యంగా ఉంది.

2003లో పరీక్ష నెగ్గి ఇన్‌స్పెక్టరుగా నియమితులైన చాముండేశ్వరిగారు తొలి మూడేళ్ళు హోటళ్ళ వంటశాలలను తనిఖీ చేశారు. 2006లో మైనర్లకు పొగాకు అమ్మకుండా చూసే విభాగం వారి చేతికి వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో పొగాకు ఆకును రకాలుగా ఏరే గ్రేడింగు పనికి వెళ్ళే తల్లి చేతుల చేదు, కలిపి పెట్టిన అన్నం ముద్దలోకి కూడా దిగేదని ఆవిడ ఒకసారి చెప్పారు. ఆ పని మీద వారికున్న పట్టుదల ఉద్యోగధర్మానికి మించినదని మాకు అప్పుడే అర్థమైంది. కొనేవారి కనీస వయస్సు మొదట పద్దెనిమిది, తరువాత పందొమ్మిది, 2017లో ఇరవై ఒకటి అయింది. మారిన ప్రతిసారీ ఆవిడ కొట్టుకొట్టుకూ స్వయంగా తిరిగి, ఓపికగా, ఒక్కోసారి గట్టిగా కేకలేసి మరీ చెప్పి వచ్చారు.

తెలియనివారి కోసం తనిఖీ పద్ధతి కాస్త వివరించాలి. తల్లిదండ్రుల అనుమతితో వచ్చిన ఒక మైనరు కొట్టులోకి వెళ్ళి పొగాకు సరుకు అడుగుతారు. ఇన్‌స్పెక్టరు బయట కారులో వేచి ఉంటారు. ఆ పిల్లలు అబద్ధం ఆడకూడదు. ఏ రోజు ఏ కొట్టుకు వెళ్ళేదీ ముందుగా ఎవరికీ చెప్పకూడదు.

ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, నళినిగారి కొట్టు ఉంది. అగరొత్తుల నుంచి ఆవకాయ దాకా అన్నీ దొరుకుతాయి. ముందువైపు కిళ్ళీల బల్ల. చాముండేశ్వరిగారిదీ నళినిగారిదీ ఒకే ఊరు, ఒకే యాస. ఇద్దరూ ఏళ్ళ తరబడి శుక్రవారం సాయంత్రాలు కొట్టు వెనక గదిలో స్టూళ్ళు వేసుకుని, టీ తాగుతూ, లోకం మీద విసుర్లు విసురుతూ గడిపారు. ఈ దేశంలో చాముండేశ్వరిగారిని ‘ఏమే’ అని పిలవగలిగిన ఏకైక వ్యక్తి నళినిగారే.

2018 అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం, ఆనాటి జాబితాలో ఆ కొట్టు పేరు వచ్చింది. వేరొకరికి అప్పగించవచ్చు. కాని మొహమాటానికి తప్పుకోవడం తమ పద్ధతి కాదనుకున్నారు. అంతలోనే ఫోన్ మోగింది.

“చాముండీ, సాయంత్రం వస్తున్నావుగా? పునుగులు వేస్తున్నా, లేట్ చేయకే!”

“వస్తాలే,” అన్నారు చాముండేశ్వరిగారు. అంతకు మించి ఒక్క అక్షరం పెదవి దాటలేదు.

నాలుగు గంటలకు రియా అనే పదిహేడేళ్ళ అమ్మాయి లోపలికి వెళ్ళింది. “ఆంటీ, ఒక జర్దా పాన్ ప్లీజ్.”

“డాడీ కార్‌లో ఉన్నారా అమ్మా? పార్కింగ్ దొరకలేదు కాబోలు, పాపం!” నళినిగారు జవాబు కోసం ఆగకుండా చుట్టి ఇచ్చేశారు. “ఇది నువ్వు తినకూడదు, తల తిరుగుతుంది. నీకు ఈ స్వీట్ కిళ్ళీ. దీనికి డబ్బులొద్దులే బంగారం.”

నాన్న కోసం పిల్లల్ని కొట్టుకు పంపడం మనవాళ్ళలో ఎవరికి తప్పనిపించింది కనుక! సిగరెట్టయితే ఐడీ అడిగేవారేమో. కిళ్ళీలోని జర్దా కూడా పొగాకేనన్న ఆలోచన ఆ క్షణాన రాలేదు. చట్టానికి ఆ తేడా లేదు. నోటీసు పట్టుకుని చాముండేశ్వరిగారు లోపలికి నడిచారు.

“నువ్వా? బయట కూర్చుంది నువ్వా? పొద్దున ఫోన్‌లో ఉన్నావు కదే, ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్పకూడదు నళినీ.”

నళినిగారు నోటీసు అందుకున్నారు. “సరే. సైన్ ఎక్కడ పెట్టాలో చెప్పండి మేడమ్,” అన్నారు. ఆ ‘చెప్పండి’ తరువాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

నాటినుంచి ఆ కొట్టు తనిఖీ ఈ వ్యాసకర్త వంతు అయింది. ఏటా రిపోర్టు రాగానే చాముండేశ్వరిగారు అడిగి మరీ తీసుకునేవారు.

“ఐడీ అడిగిందా?”

“అడిగారు మేడమ్. డాడీనే రమ్మని పంపేశారు.”

“జుట్టు నెరిసిందా?”

“అది ఫారంలో ఉండదు మేడమ్.”

“తెలుసులేవయ్యా, చెప్పు.”

నెరిసిందని చెప్పిన రోజు ఆవిడ లంచ్ బాక్సు తెరవలేదు. “నేను తప్పు చేశానని అనుకోను దివాకర్. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అదే చేస్తాను. కానీ నాకు నళిని కావాలి. ఇంత వయసొచ్చాక కొత్తగా ఎవరితో తిట్టించుకోను?” అన్నారు.

వీడ్కోలు సభకు ఆవిడ ఇచ్చిన అతిథుల జాబితాలో నళినిగారి పేరు లేదు. ఎందుకంటే, “పిలిచాక రాకపోతే తట్టుకోలేను,” అన్నారు. ఊరుకోలేక ఈ వ్యాసకర్తే ఆహ్వానపత్రం పట్టుకుని ఐసెలిన్ వెళ్ళాడు.

“ఆమె పిలిచిందా, నువ్వు పిలిచావా?” అడిగారు నళినిగారు.

“నేనే, ఆంటీ.”

“మీ మేడమ్ ప్రతి శుక్రవారం ఎదురుగా బ్యాంక్ పార్కింగ్‌లో పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోతుంది. నాకు కనబడదనుకుంటోంది. దిగుతుందేమోనని ఏడేళ్ళుగా చూస్తున్నాను నాయనా. టీ కూడా పెట్టి చూశాను.” కార్డు తిరిగి చేతిలో పెట్టేశారు. “ఇది పిలుపెలా అవుతుంది? వచ్చి బొట్టు పెట్టి పిలవమను.”

మా మేడమ్ ప్రూఫు దిద్దకుండా మా కార్యాలయం నుంచి ఏ కాగితమూ అచ్చుకు పోదు. కనుక అందరికన్నా ముందు ఈ పేజీ చదివేది చాముండేశ్వరిగారే. మేడమ్, అచ్చుతప్పులు తరువాత చూడవచ్చు. సభకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పందొమ్మిదేళ్ళు ఎన్నో ఇళ్ళ పిల్లల ఊపిరిని కాపాడిన మీకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, సుదీర్ఘమైన ఆయుష్షునూ, ఆ ఆయుష్షంతా ‘ఏమే’ అని పిలిచే మనిషినీ భగవంతుడు ప్రసాదించాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాము. కుంకుమ భరిణె తీసుకుని బయలుదేరండి. ఈసారి కారు దిగండి.