కరాటే మాస్టరుకు తగిలిన దెబ్బ

రాజంపేటలో ఆడపిల్లలకు కరాటే నేర్పే నెహెమ్యా ఆ సాయంత్రం పగిలిన పెదవితో ఇంటికి వచ్చాడు. నర్సుగా పనిచేసే చెల్లెలు రెజీనా అతన్ని కూర్చోబెట్టి దూదితో రక్తం తుడుస్తోంది.

“బ్లాక్ బెల్టు గదా అన్నా నువ్వు? ఇంట్లో మర్చిపోయి పోయినావా?”

“బస్టాండులో ఒగడు ఒక పిల్ల చెయ్యి పట్టుకోని లాగుతాండె. వదలమని అడ్డం పోయినా. నేను కాళ్లు సర్దుకోని నిలబడేలోపలే తలకాయతో గుద్దినాడు.”

“అయ్యో, వంగి దండం పెట్టకుండానే కొట్టినాడా? శానా మర్యాద లేనోడే! కుంగ్‌ఫూ అయ్యింటే పనికొచ్చేదేమో?”

“దాంట్లో చేతులు తిప్పేలోపల ఇంకో రెండు పడేటివి.”

“జూడో?”

“వాన్ని ఎత్తేయాలంటే క్రేను కావాల. నవ్వించొద్దు, మంటగా ఉండాది.”

“సరేలే. ఆ పిల్ల ఏమైంది?”

“వాడు నన్ను కొడతాంటే చెయ్యి విడిపించుకోని, ఎదురుగా ఉండే పోలీసు స్టేషన్‌లోకి ఉరికింది. వాళ్లొచ్చి వాన్ని పట్టుకున్నారు.”

“అంతసేపూ నువ్వు?”

“పడిపోకుండా నిలబడినా.”

రెజీనా కొత్త దూది తీసుకొని, ఈసారి ఇంకా మెల్లగా తుడిచింది.

“రేపు క్లాసులో పిల్లోళ్లకు ఏం నేర్పిస్తావన్నా?”

“మొదట పరిగెత్తేది. గుద్దులు తర్వాత చూసుకుంటాం.”