డోరిండా గారి గైతా, మా గిటార్ల మోత

వెయ్యిన్నొక్క ఆటంకాల నడుమ పుట్టిన మా బ్రెతెమా మెటల్ బృందంలో శ్రీమతి డోరిండా లామాస్ గారు 1996 మే 17వ తేదీన, సెలవురోజని సెదేయ్రా ఊరంతా సముద్రతీరంలో షికార్లు చేస్తుండగా, రేవులోని పాత చేపల గిడ్డంగి తలుపు తోసుకుని, చంకలో గైతాతో ప్రవేశించారు. ఊరేగింపుల్లో ఊదే తిత్తివాద్యానికీ మెటల్ సంగీతానికీ పొత్తేమిటని పెద్దలందరూ పెదవి విరిచిన రోజులవి.

"అక్కా, మా మోతలో నీ ఊదుడు వినబడుతుందంటావా?" అన్నాడు గాయకుడు బ్రైస్.

"ముందు మీ మోత ఆపి, నా శ్రుతికి గిటార్లు సరిచేసుకోండ్రా. నా గొట్టాలు ఎవరి మాటా వినవు."

ఆనాటి నుండి బృందం యావత్తూ ఆమె శ్రుతికే కట్టుబడి నడిచింది. పగలు సార్డీన్ డబ్బాల కర్మాగారంలో పర్యవేక్షకురాలిగా, సాయంత్రాలు మా సహచరిగా ఉభయ బాధ్యతలనూ సమర్థంగా నిర్వహిస్తూ, తమ నాయనమ్మ వలలు అల్లుతూ పాడిన పాటలను గిటార్ల నడుమ ప్రతిష్ఠించి, 1999లో వెలువడిన తొలి ఆల్బమ్‌కు ప్రాణం పోసినవారు వారే. పోర్చుగల్ మొదలు జర్మనీ దాకా నల్లచొక్కాల కుర్రకారు జుట్టు విరబోసుకుని ఆ పాటలకు ఊగిపోతుంటే, ఈవిడ మాత్రం కర్మాగారంలో నిలబడినంత నిబ్బరంగా నిలబడి ఊదేవారు.

2004 నాటి ఒక పెద్ద ఉత్సవాన్ని ఇక్కడ స్మరించక తప్పదు. సౌండు చూసే కొత్త కుర్రవాడు రొసెందోకు ఎక్కడో కరెంటు గుంయ్‌మంటున్నట్టు అనిపించింది. తీగలన్నీ పీకాడు, గిటార్లవాళ్లను కసిరాడు, చివరకు దొరికిందని ఒక మీట దించేశాడు. డోరిండా గారు పాట మధ్యలో ఆపి, వేలాది జనం చూస్తుండగా వేదిక దిగి అతని దగ్గరకే వెళ్లారు.

"ఏమయ్యా, నా శ్రుతి ఏది?"

"ఆ గుంయ్‌మనే రొదా? పట్టేసి నొక్కేశానమ్మా!"

"నా తండ్రే! ఆ రొదే నా శ్రుతిరా. అది లేకపోతే నేనిక్కడ పీపీ ఊదుకుంటున్నట్టే."

ఆ మహానుభావుడే నేడు మా సౌండు విభాగానికి అధిపతి. శిక్షణ ఎవరిదో చెప్పనక్కర్లేదు.

గత శీతకాలంలో వైద్యులు ఆమెకు కుడి చెవి పోయిందనీ, ఇంకొక్క ఏడాది డ్రమ్స్ పక్కన నిలబడితే ఎడమదీ దక్కదనీ తేల్చిచెప్పారు. దాంతో ఇక వేదిక దిగుతానని ఆమె ప్రకటించారు. ఆమె లేని బృందం మనకెందుకని మేమంతా చర్చించుకుని, మూసివేయ నిశ్చయించి, వారింట విందుకు కూర్చున్నప్పుడు బ్రైస్ చేత చెప్పించాం. ఆక్టోపస్ వంటకం పళ్లెం బల్లమీద దభీమని పడింది.

"ఎవర్నడిగి నిర్ణయించార్రా? నేను వేదిక ఎందుకు దిగుతున్నాననుకున్నారు? మిగిలిన ఈ ఒక్క చెవితో మీ పాట వినాలనేగా! మీరే ఆపేస్తే దీన్ని దాచుకుని ఏం చేసుకోను? ఈయన గురక వినమంటారా?"

భర్త అమారో గారు సైతం నవ్వలేకపోయారు. ఆమె కళ్లనిండా నీళ్లు.

కనుక బృందం కొనసాగుతున్నది. ఆమె స్వయంగా తీర్చిదిద్దిన శిష్యురాలు ఉషీయా ఇకపై గైతా వాయిస్తుంది. శనివారం సాధనకు డోరిండా గారు గిడ్డంగి తలుపు బయట, తగినంత దూరంలో, కుర్చీ వేసుకుని ఎడమవైపు మాకేసి తిప్పి కూర్చుంటారు. తప్పు దొర్లితే కిటికీ మీద చెప్పు పడుతుంది.

శ్రీమతి డోరిండా గారికి నిండు నూరేళ్ల ఆయుష్షునూ, సంపూర్ణ ఆరోగ్యాన్నీ, ఆ ఎడమ చెవికి అంతకన్నా ఒక్కరోజు ఎక్కువ ఆయుష్షునూ మనసారా కోరుకుంటున్నాం.